మడకు చూపిన గుడ్డ

నమోదు 1. చవితి, పాటు నీరు

సొరపాయలోకి మందు కలిసిన మురుగు వదిలింది మీనకేతనం హేచరీ. పేరు పెట్టే రాస్తున్నాను. రొయ్యపిల్ల చావకూడదని తొట్లలో యాంటీబయాటిక్కులు కుమ్మరించారు. ఆ తొట్లు కడిగిన నీళ్ళను తూము ఎత్తి మన పాయలోకి తోశారు. నేను పుట్టకముందు నుంచీ తోస్తూనే ఉన్నారు. ఆ మందుకు చచ్చే క్రిములు చచ్చాయి, చావనివి బలిసి మన బురదలో కాపురం పెట్టాయి. మనుషుల మందులు పనిచెయ్యడం మానేసి ఒక తరం దాటింది. ఆ పాపంలో ఈ కంపెనీ వాటా ఎంత అని ఎవరూ అడగరు. నేను అడుగుతున్నాను.

ఉప్పురేవులో అందరూ చదివే పలక రాసే పని నాకు అప్పజెప్పినప్పుడు సంఘం పెద్దలు ఒకటే మాట అన్నారు: "నీటి ఉప్పు రాయి, వేడి రాయి, పోటు ఎత్తు రాయి తేజోవతీ. ఉపన్యాసాలు రాయకు." సరే, రాస్తున్నాను. ఉప్పు మామూలే. వేడి మామూలే. హేచరీ మురుగుకాలవ పాయలో కలిసే కాలవమొగ దగ్గర నీటి మీద పసుపు నురగ. మా అన్న కాలికి గాయం.

మా అన్న వరహాలు మండపీతలు పట్టడంలో ఈ పాయకంతటికీ మొనగాడు. కన్నంలోకి కొక్కెం దూర్చి, లోపల పీత ఎటు తిరిగిందో మణికట్టుతో కనిపెట్టగలడు. ఇవాళ కాలవమొగ పక్కన ఒక కన్నం మీద వంగి ఉండగా బురదలో కాలు జారింది. ఆలుచిప్ప కాలి తొడుగును చీల్చి చీలమండ పైన కోసింది. వేలెడు గాయం.

మా నాయనమ్మ కాలంలో అయితే ఇంత పసుపు అద్ది మళ్ళీ పనిలోకి దిగేవారట. ఇప్పుడు మంగలి కత్తి అంటే భయపడి మగాళ్ళంతా గెడ్డాలు పెంచుకుని తిరుగుతున్నారు. ఆడపిల్లలకు చెవులు కుట్టడం మానేశారు. మా అమ్మ సూరాయమ్మ చేప కొయ్యాలంటే మోచేతుల దాకా ఇనప గొలుసు తొడుగులు వేసుకుని కత్తిపీట ముందు కూర్చుంటుంది.

"ఏం లేదే, పిల్లి గీరినట్టుంది" అన్నాడు అన్న పడవలోంచి దిగుతూ.

పడవ నడిపే బుల్లిరాజు మామ తెడ్డు కింద పెట్టి, "పిల్లి గీరితే ఊరంతా పాడె ఎనకాల నడిసే రోజులివి. నోరు మూసుకుని సలోమి గారి పాకకి నడు. నడవకు, ఆగు, నేనెత్తుకుంటాను. ఎంత బరువున్నావురా, పీతలన్నీ నువ్వే తినేస్తన్నావా?" అన్నాడు.

నమోదు 2. పంచమి, పోటు

పక్క రేవుల వాళ్ళు, కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు ఈ పలక చదువుతారు కాబట్టి మన పద్ధతి ఒకసారి చెప్పాలి. తెలిసినవాళ్ళు విసుక్కోకండి.

సలోమి గారిది నెల్లూరు వైపు. క్రిముల చదువు చదివి, మడ అడవిలో పరిశోధన అని సర్కారు పంపితే వచ్చింది. తర్వాత సర్కారు ఆమెను వెనక్కి పిలవడం మర్చిపోయింది, ఆమె వెళ్ళడం మర్చిపోయింది. ఆమె పాకను మనం చిల్లుల పాక అంటాం. రోగి పుండులోని క్రిమిని పళ్ళెంలో పెంచుతుంది. పాలమీగడలా తెల్లటి పొర కడుతుంది. దాని మీద మడ బురద వడకట్టిన నీటిచుక్క వేస్తుంది. ఆ నీళ్ళలో క్రిమిని తినేది ఉంటే తెల్లారేసరికి పొరలో చిల్లు పడుతుంది. ఆ తినేది అద్దం కింద పెట్టినా కనిపించనంత చిన్నది, తనకు సరిపడే క్రిమిలోకి తప్ప ఇంకెందులోకీ దూరదు. చదువుకున్నవాళ్ళు ఫేజ్ అంటారు. మనకు చిల్లుపురుగు.

అయితే ఆ చిల్లుపురుగు బురదలో ఊరికే కూర్చుని ఉండదు. తన ఎర ఉన్నచోటే పెరుగుతుంది. అందుకే పుండుకు కట్టిన గుడ్డను మడచెట్టు వేళ్ళ మధ్య పాతిపెడతాం. పోటు నీరు ఎక్కి, పాటు నీరు దిగి, మళ్ళీ పోటు ఎక్కేసరికి ఆ క్రిమిని తినేవి గుడ్డ చుట్టూ పోగవుతాయి, ఆ బురదనే ఆమె తీసి వడకడుతుంది. దీన్ని మనం మడకు గుడ్డ చూపడం అంటాం. కన్నతల్లో, కట్టుకున్నదో స్వయంగా పాతాలి. ఈ నియమం సలోమి గారిది కాదు, మన ఆడవాళ్ళు పెట్టుకున్నది. ఆమె మొదట నవ్వి, తర్వాత ఊరుకుంది.

ఈ పద్ధతి ఎక్కడో పెద్ద పట్నంలో పుట్టలేదు. ఉప్పు కక్కుకుంటూ, ఊపిరివేళ్ళు పైకెత్తి, రోజుకు రెండుసార్లు మునిగి లేచే ఈ చెట్ల కాళ్ళ దగ్గర పుట్టింది. నేను చదివిన కరపత్రాలన్నింట్లో ప్రజల ఆసుపత్రి అనే మాట ఉంది. నా కళ్ళతో చూసింది మాత్రం ఇదొక్కటే.

అన్నకు పెళ్ళి కాలేదు. అమ్మ అన్న గాయం మీద గుడ్డ విప్పి, కొత్తది కట్టి, పాతదాన్ని తీసుకెళ్ళి మన రేవు వెనక పెద్ద తెల్లమడ కింద పాతింది. దండం పెట్టుకుని వచ్చింది. అన్న కాలు సాయంత్రానికి వాచింది.

నమోదు 3. సప్తమి, పాటు

పళ్ళేలన్నీ గోడకు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఒక్క చిల్లు లేదు.

సలోమి గారు పళ్ళేన్ని దీపం ముందు అటూ ఇటూ తిప్పింది. "ఏందమ్మే ఇది? ఒక్కటన్నా పడాల గదా. ఇంత నున్నగా నా జన్మలో చూళ్ళేదు" అంది. మళ్ళీ బురద తీసింది, మళ్ళీ వడకట్టింది, మళ్ళీ చుక్కలు వేసింది.

అన్న కాలు పిక్క దాకా నల్లబడింది. ఒళ్ళు కాలిపోతోంది. పట్నం ఆసుపత్రి డాక్టరు తెర మీద కాలు చూసి, తన దగ్గరున్న మందుల పేర్లన్నీ చదివి, ఏదీ పనిచెయ్యదని తనే చెప్పాడు. "దశమి దాకా చూస్తాను. తగ్గకపోతే మోకాలి పైకి తీసేద్దాం. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు" అన్నాడు. మంచివాడే. చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు.

అన్న కళ్ళు మూసుకునే నవ్వాడు. "బురదలో ఒంటికాలితో దిగితే పీతే నన్ను కొక్కెం ఏసి లాగుద్ది" అన్నాడు.

అమ్మ బయటికి వెళ్ళి కూర్చుంది.

నేను గడ్డపార తీసుకుని హేచరీ తూము వైపు నడిచాను. తూము పగలగొట్టాలని. దాస్తే ఏం లాభం, అదే రాస్తున్నాను. బుల్లిరాజు మామ సగం దారిలో అడ్డం పడ్డాడు.

"ఎక్కడికే?"

"తూము దగ్గరికి."

"పగలగొడితే ఏవవుద్ది? తొట్లలో ఉన్నదంతా ఒక్కసారే పాయలోకొస్తాది. మీ అన్న కాలు చాలదా, ఊరందరి కాళ్ళూ కావాలా నీకు?"

కోపం వచ్చింది. ఎక్కువగా ఆయన మాట నిజం కావడం మీద వచ్చింది.

అక్కడ నిలబడి ఉండగానే చూశాను. కాలవమొగ దగ్గర మిగిలిన తెల్లమడల మొదళ్ళకు నారింజ రంగు పట్టీలు చుట్టారు. పక్కన కంపెనీ ప్రకటన. మొగ పూడిపోతోందట, వెడల్పు చేస్తారట. ద్వాదశి సాయంత్రపు పోటు మీద తవ్వుడు యంత్రం వస్తుందట. మనిషి లేకుండా నడిచే యంత్రం. పట్టీ కట్టిన ప్రతి చెట్టునూ వేళ్ళతో సహా పెకలిస్తుంది.

"ఈటిని పీకితే మురుగు ఇంకా తొందరగా పోద్ది మరి" అన్నాడు మామ. ఉమ్మేశాడు.

నమోదు 4. అష్టమి, తెల్లవారాక

తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది.

సలోమి గారు పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. అన్న కాలు చూసి, కట్టు విప్పి, కొత్త గుడ్డ కట్టింది. విప్పిన గుడ్డను అమ్మ చేతికిచ్చి, "సూరాయమ్మా, ఇంకోసారి పాతుదువు, రా" అంది. అమ్మ గుడ్డ తీసుకుని దడి వెనక్కి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. నేను వెళ్ళి చూస్తే పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. అందులో పసుపు, వేపాకు. అమ్మ పట్టకారుతో గుడ్డ పట్టుకుని ముంచబోతోంది.

"అమ్మా! ఏం చేస్తున్నావ్?"

"ఉడకబెడతన్నానే. కనబడ్డంలేదా?"

"మొన్న కూడా ఉడకబెట్టావా?"

"మరి? చీము గుడ్డ, మైల గుడ్డ అలాగే అట్టుకెళ్ళి అమ్మోరి కాళ్ళకాడ పెడతానా? ఆ చెట్టు మనకి నీడిచ్చింది, పీతనిచ్చింది. ఉతికి, ఉడికించి, ఆరబెట్టి, శుభ్రంగా చూపించాను."

సలోమి గారు దడి పట్టుకుని నిలబడింది. ఆమె అరుస్తుందనుకున్నాను. నేనే అరిచాను. ఆ మాటలు ఇక్కడ రాయను.

సలోమి గారు పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. "సూరాయమ్మా, నీ కోడికి తిండి పెట్టేటప్పుడు వడ్లు ఉడకబెట్టి పెడతావా, మొలకెత్తేవి పెడతావా?"

"కోడికి ఏదైనా ఒకటే" అంది అమ్మ. ఈవిడ దగ్గర ఓడిపోవడం అమ్మకు ఇష్టం ఉండదు.

"సరే, కోడి వద్దు. పిల్లి ఎలకను ఎట్లా పడతది? వాసన పట్టి. నువ్వు ఎలకను చంపి, కడిగి, పసుపు పూసి పిల్లికి చూపించినావు. ఏ ఎలక కోసం తిరగాల్నో దానికెట్లా తెలస్తది? బతికున్న క్రిమిని చూపిస్తేనే దాన్ని తినేది వచ్చేది."

అమ్మ పట్టకారులో ఉన్న గుడ్డను అలాగే పట్టుకుని ఉంది. నీళ్ళు కుతకుతమంటున్నాయి.

"అయితే నా చేత్తో నేనే..." అంది.

"నీ చెయ్యి కాదు. నేను చెప్పాల్సింది, చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఎవురూ ఉడకబెట్టలా. అంత భక్తి ఉంటదని నేను అనుకోలా."

"మరి అమ్మోరికి మైల?"

ఇది సలోమి గారి చదువులో ఉండే ప్రశ్న కాదు. నేను చెప్పాను. పెద్ద తెలివితో కాదు, అరిచిన సిగ్గుతో. "అమ్మా, నేను పుట్టినప్పుడు నన్ను ఉడకబెట్టి ఎత్తుకున్నావా?"

అమ్మ నన్ను చూసింది. పొయ్యిలో నీళ్ళు పోసింది. "ఉడకబెట్టుంటే ఇంత నోరు వచ్చేది కాదు" అంది. గుడ్డను అలాగే చేటలో పెట్టి లేచింది.

నమోదు 5. అష్టమి, పాటు

మళ్ళీ మన రేవు వెనకే పాతితే చాలదు అంది సలోమి గారు. ఆ క్రిమిని ఎరగని బురదలో చిల్లుపురుగు పోగవాలంటే నాలుగైదు పోట్లు పడుతుంది. మనకు ఉన్నది దశమి దాకా. "ఆ క్రిమి యాడ పుట్టిందో ఆడికే పోదాం. మొగ దగ్గర ముప్పై ఏళ్ళుగా అదే క్రిమి, అదే బురద. తినేవాళ్ళు అక్కడ ముందే కాపురం ఉంటారు."

అలా నేను ఇన్నాళ్ళూ శాపనార్థాలు పెట్టిన చోటికే వెళ్ళాం. నేను, అమ్మ, సలోమి గారు, పడవలో బుల్లిరాజు మామ.

కాలవమొగ దగ్గర మడ చాలా వరకు చచ్చింది. ఎండిన కొమ్మలు. వాటిని దాటి వెళ్ళాక, మొగ పెదవి మీద, మిగిలిన తెల్లమడలు నిలబడి ఉన్నాయి. ఇంతవరకు దూరం నుంచే చూశాను. ఇప్పుడు పడవ దిగి దగ్గరికి వెళ్ళాను.

ఆకుల వెనక ఉప్పు తెల్లగా మెరుస్తోంది. వేలితో రాస్తే గరగరమంది. మొదలు చుట్టూ ఊపిరివేళ్ళు వందలుగా, పొద్దున్నే పొలంలో లేచిన నారులా నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నురగ చిక్కుకుని వడకట్టినట్టు ఆగిపోయింది. వేళ్ళకు ఇవతల నీరు పసుపుపచ్చ, అవతల ఆకుపచ్చ. ఆ గీత ఎవరూ గీయలేదు. ప్రతి పోటుకూ ఈ చెట్లే గీసుకుంటున్నాయి. కొమ్మల మీద కాయలు కూడా ఉన్నాయి. ఇంత విషంలోనూ పిల్లల్ని కంటున్నాయి.

నేను ఇన్నేళ్ళుగా శుభ్రమైన చోటును కాపాడాలనుకున్నాను. అసలు పోరాటం ఇక్కడ జరుగుతోంది. నాకు కనిపించలేదు.

సలోమి గారు మోకాలు లోతు బురదలో నిలబడి, ఒక మొదలు మీద అరచెయ్యి ఆనించి, "చూడమ్మే, మా ప్రయోగశాలలో ఉన్న సామానంతా పోగేసినా దీని కాలిగోటికి సరిపోదు" అంది. ఆమె అలా ఎవర్నీ పొగడదు. మా సంఘం పెద్దల్ని కూడా.

అమ్మ గుడ్డను పాతింది. దండం పెట్టలేదు. బురద చేతినే మొదలు మీద రెండుసార్లు తట్టింది, పొరుగింటావిడ భుజం తట్టినట్టు. "ఇదిగోనమ్మా, ఇదీ సంగతి. ఉన్నదున్నట్టు చూపిస్తన్నాను" అంది.

"అలా మాట్టాడితే చెట్టు బదులిస్తాదేటి వదినా?" అన్నాడు మామ పడవలోంచి.

"నీకంటే మర్యాదగానే ఇస్తాది."

నమోదు 6. దశమి, తెల్లవారాక

చిల్లు పడింది.

ఒకటి కాదు. నిన్న గుడ్డ దగ్గర తీసిన బురదకు పళ్ళెం నిండా. కొంగు చివర చిమ్మెట కొట్టినట్టు, ఆవగింజంత, మెంతిగింజంత. నీటిచుక్క పడ్డచోట తెల్లపొరే లేదు, అద్దంలా అవతల సలోమి గారి వేళ్ళు కనిపించాయి. ఆమె పళ్ళేన్ని నా మొహం ముందు పెట్టి, ఆ చిల్లులోంచి నన్ను చూసి కన్ను కొట్టింది.

నేను రేవు దాకా పరిగెత్తి "చిల్లు పడింది!" అని అరిచాను. పడవలన్నీ తెడ్లతో అంచులు కొట్టాయి.

తెర మీద పట్నం డాక్టరు అన్నను పట్నం తెమ్మనడానికి కత్తి సర్దుకుని కూర్చుని ఉన్నాడు. సలోమి గారు పళ్ళెం చూపించింది. ఆయన దాన్ని తెరకు దగ్గరగా పెట్టమన్నాడు. "ఈ మందే ఇవ్వండి. నేను తెర మీదే కూర్చుంటాను. రేపటికి నలుపు పైకి ఎక్కితే నా మాట వినాలి" అన్నాడు. రోజంతా నిజంగానే కూర్చున్నాడు. అన్నం కూడా అక్కడే తిన్నాడు.

పుండు కడిగారు, చిల్లుపురుగు నీళ్ళతో తడిపారు, వాటినే సూదితో ఎక్కించారు. సాయంత్రానికి చలిజ్వరం వచ్చి మంచం ఊగింది. నేను అన్న చెయ్యి పట్టుకున్నాను. అమ్మ పట్టుకోవడానికి భయపడింది.

"రామ్మా. నీ చెయ్యి ఉడకబెట్టలేదు కదా?" అన్నాడు అన్న.

ఎవరో చెప్పేశారు. నేను కాదు.

నమోదు 7. ఏకాదశి, పోటు

ఉప్పు మామూలే. వేడి మామూలే. అన్న జ్వరం దిగింది. నలుపు పిక్క దగ్గరే ఆగింది, చీలమండ వైపు చర్మం మళ్ళీ నెత్తురు ఆడినట్టు ఎర్రబడుతోంది. ఆకలి అన్నాడు. పీతలపులుసు కావాలన్నాడు. డాక్టరు నవ్వి, కాలు తీసే మాట వాయిదా వేస్తున్నానన్నాడు. రద్దు అనలేదు. వాయిదా అన్నాడు.

ఎందుకంటే సలోమి గారు మధ్యాహ్నం ఇంకో పళ్ళెం తెచ్చింది. చిల్లు మధ్యలో చిన్న చిన్న తెల్లచుక్కలు. క్రిమి అప్పుడే వేషం మార్చుకుంటోంది. నిన్నటి చిల్లుపురుగు దీన్ని ఎల్లకాలం తినలేదు. దీన్ని వెంటాడే కొత్తది కావాలి, దాని తర్వాత ఇంకోటి. సీసాలో దాచుకున్నది చాలదు.

"అది మారతది, ఇవీ మారతాయి. ఆ మొగ బురదలో ఇద్దరూ ముప్పై ఏళ్ళుగా కొట్టుకుంటా ఉండారు. ఆ చెట్లు ఉంటే ఆ బురద నిలుస్తది. చెట్లు పోతే ఒక్క పోటుకే బురదంతా సముద్రంలోకి పోతది. అప్పుడు నన్నేమీ అడగొద్దు" అంది.

రేపు ద్వాదశి.

మీనకేతనం వాళ్ళు ఈ సంగతి వింటే ఏమంటారో నాకు తెలుసు. మా మురుగులోనే కదా మీ మందు పుట్టింది అంటారు. సలోమి గారు దానికి ముందే జవాబు చెప్పింది: "విషం పోసినోడికి కాదు దండం, తాగి నిలబడ్డదానికి." నేను ఇంతకంటే బాగా రాయలేను. తూము సంగతి తర్వాత తేల్చుకుందాం, దాన్ని మూయించే దాకా నేను ఊరుకోను. ముందు చెట్లు.

ఆ యంత్రం గురించి చట్టం ఏం చెబుతుందో ఇవాళ పూర్తిగా చదివాను. మనిషి లేని తవ్వుడు యంత్రం తన చేతికి అందేంత దూరంలో ఒంటి వేడి తగిలితే ఆగి తీరాలి. అలా కట్టకపోతే దాన్ని నీటిలోకి దించనే కూడదు. కానీ అది ఆ ఒక్క చెట్టు దగ్గరే ఆగుతుంది. పక్క చెట్టు దగ్గర ఎవరూ లేకపోతే అటు తిరుగుతుంది. ఒకరిద్దరు అరిచి చేసేది ఏమీ లేదు. నేనొక్కదాన్నే వెళ్ళి నిలబడితే ఒక్క చెట్టు మిగులుతుంది.

అమ్మ తన చెట్టు ఎంచుకుంది, గుడ్డ చూపించిన చెట్టే. బుల్లిరాజు మామ దాని పక్కది అడిగాడు. "ఈవిడ చెట్టుతో మాట్టాడుతుంటే యంత్రం బెదిరి నా మీదకొస్తాదేమో, అయినా పర్లేదు" అన్నాడు. సలోమి గారు వస్తుంది. డాక్టరు సెలవు పెట్టి పట్నం నుంచి బయల్దేరాడు, ఇప్పుడే కబురు వచ్చింది. అన్న వస్తానని మంచం దిగబోతే అమ్మ తిట్టి పడుకోబెట్టింది. అతని చెట్టు దగ్గర ఇంకొకరు కావాలి.

పట్టీ కట్టిన చెట్లు ముప్పై ఒకటి. ఇప్పటికి మనుషులు అయిదుగురం.

ఉప్పురేవు వాళ్ళకూ, మిగతా రేవుల పలకల దగ్గర నిలబడి ఇది చదువుతున్న మీకందరికీ చెబుతున్నాను. మీ ఇంట్లోనూ గాయం తగిలిన మనిషి ఉంటాడు, ఇవాళ కాకపోతే రేపు. మీరు గుడ్డ పట్టుకుని వచ్చేసరికి చూపించడానికి చెట్టు ఉండాలి.

రేపు ద్వాదశి, మధ్యాహ్నం పన్నెండు గంటలకు కాలవమొగ దగ్గరికి రండి. అప్పటికి పాటు పూర్తిగా దిగి ఉంటుంది, గట్టు మీది నుంచి బురదలో నడిచే రావచ్చు. కాళ్ళకు మోకాళ్ళ దాకా తొడుగులు వేసుకోండి, ఆలుచిప్పలు ఎక్కువ. తాగే నీళ్ళు తెచ్చుకోండి. సాయంత్రం పోటు నడుము దాకా వస్తుంది, అప్పుడు కూడా కదలకూడదు. చెట్టుకొకరు. పన్నెండు గంటలకు.